ఫలితాల మర్నాడు పెట్టె సర్దుకోవద్దు



2016 నవంబరు 9, బుధవారం. ఆ రోజు మన దగ్గర ఎలా గడిచిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి ప్రధానమంత్రి టీవీలో మాట్లాడి, పెద్ద నోట్లు చెల్లవని చెప్పారు. తెల్లవారితే బ్యాంకులు మూసి ఉన్నాయి. పాలవాడికి ఏమివ్వాలి, పోపుల డబ్బాలో చిల్లర ఎంతుంది అని ఇల్లంతా వెతుక్కుంటున్న సమయంలోనే అమెరికా నుంచి ఇంకో వార్త వచ్చింది. డొనాల్డ్ ట్రంప్ గెలిచాడు. మనకు అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. అక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నర. ఆ రాత్రే కెనడా ప్రభుత్వ వలసల శాఖ వెబ్‌సైటు జనం తాకిడికి తట్టుకోలేక ఆగిపోయింది. ఓట్ల లెక్కింపు ఇంకా పూర్తి కాకుండానే లక్షలమంది పక్క దేశం తలుపు తట్టి చూశారన్నమాట.

ఎన్నికల్లో తమ పక్షం ఓడిపోయినప్పుడు మనిషికి కలిగే దుఃఖం గురించీ, ఆ దుఃఖంలో దేశమే వదిలి వెళ్లిపోదామనుకునే ఆలోచన గురించీ ఈరోజు మాట్లాడతాను. ఇది అమెరికావాళ్ల గొడవ, మనకెందుకు అని మీరు అనుకోరని నాకు తెలుసు. మన రెండు రాష్ట్రాల్లో అమెరికాలో బిడ్డ లేని వీధి ఇప్పుడు అరుదు. అక్కడ ఓట్లు లెక్కిస్తుంటే ఇక్కడ తల్లులకు నిద్ర పట్టదు.

దేశం వదిలిపోదామనే ఆలోచన 2016లో పుట్టింది కాదు. 2004లో జార్జ్ బుష్ రెండోసారి గెలిచిన మర్నాడు కూడా కెనడా వెబ్‌సైటు చూసినవాళ్ల సంఖ్య ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది. 2016 ఫిబ్రవరిలో, ఎన్నికకు ఇంకా తొమ్మిది నెలలుండగానే, కెనడాలో కేప్ బ్రెటన్ అనే ద్వీపంలోని ఒక రేడియో వ్యాఖ్యాత, ట్రంప్ గెలిస్తే మా ద్వీపానికి రండి అని అమెరికన్లను పిలుస్తూ ఒక వెబ్‌సైటు పెట్టాడు. బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారం మూతపడి జనం తగ్గిపోతున్న ద్వీపం అది. ఆ పిలుపు ప్రపంచమంతా పాకింది. ఉద్యోగాలు దొరుకుతాయా, ఇల్లు ఎంతకొస్తుంది, పిల్లల బడి ఎలా ఉంటుంది అంటూ ఉత్తరాలు వెల్లువెత్తాయి. కానీ ఆ తరువాతి ఏళ్లలో కెనడాలో శాశ్వత నివాసం పొందిన అమెరికా పౌరులు ఏడాదికి పదివేల ఆసుపాసుల్లోనే ఉన్నారు. ముప్ఫై కోట్లు దాటిన దేశం నుంచి అంతే.

వెళ్తామన్నవాళ్లు వెళ్లలేదు కాబట్టి వాళ్ల బాధ ఉత్తుత్తిదని కొందరు తీసిపారేస్తారు. నేను అలా అనుకోను. నా మేనకోడలి ఇంట్లో ఆ బాధ ఎలా ఉంటుందో దగ్గరగా చూశాను.

ఆమె ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటుంది. పౌరసత్వం తీసుకుంది. 2024 ఎన్నికల్లో కమలా హారిస్ తరఫున సాయంత్రాలు కూర్చుని తెలుగువాళ్ల ఇళ్లకు ఫోన్లు చేసింది. ఫలితం తెలిసిన మర్నాడు పొద్దున్నే లేచి, ఇంటి ముందు పచ్చికలో పాతిన ప్రచార బోర్డు పీకి గ్యారేజీలో గోడకు చేర్చింది. పిల్లాడికి అన్నం డబ్బా సర్ది బడికి పంపింది. ఆ తరువాత నాకు వీడియో కాల్ చేసింది. వెనక స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే నేను చెప్పేదాకా చూసుకోలేదు. "మామయ్యా, ఎదురింటాయన బోర్డు ఇంకా అలాగే ఉంది. మా ఆయన ఇండియా వెళ్లినప్పుడు మంచు పడితే మా ఇంటి ముందు కూడా ఊడ్చిపెట్టింది ఆయనే. రోజూ చెయ్యి ఊపుతాడు. ఇవాళ నా చెయ్యి పైకి లేవలేదు" అంది. కాసేపాగి, "టొరంటో వెళ్లిపోదామనుకుంటున్నాం" అంది.

ఆ మాటల్లో నాకు వినిపించింది ఒక అభ్యర్థి ఓడిపోయిన బాధ కాదు. ఇరుగుపొరుగు గురించి తన మనసులో కట్టుకున్న బొమ్మ చెదిరిపోయిన బాధ. మనవాళ్లే అనుకున్నవాళ్లు మనకు వ్యతిరేకంగా చెయ్యెత్తారన్న బాధ. ఇంట్లో మనిషి పోతే ఊరంతా పరామర్శకు వస్తుంది. పనులు ఆపుకుని కూర్చుంటారు. ఎన్నిక పోతే ఆ వెసులుబాటు లేదు. తొమ్మిదింటికి ఆఫీసు మీటింగులో కూర్చోవాలి. ఆ మీటింగులోనే సగంమంది సంతోషంగా ఉంటారు. వాళ్ల సంతోషమూ నిజమే, అది వాళ్ల హక్కు. ఏడవడానికి చోటు దొరకని దుఃఖానికి వెళ్లిపోవడం ఒక్కటే దారిగా కనిపిస్తుంది.

అయితే దుఃఖం లెక్కలు సరిగ్గా చెప్పదు. దేశమంతా ఒక్కటై మనల్ని కాదన్నదని చెబుతుంది. నిజంగా ఏం జరిగిందో చూడండి. 2016లో హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. అయినా పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ మూడు రాష్ట్రాల్లో కలిపి 78 వేలకు లోపు ఓట్ల తేడాతో అధ్యక్ష పదవి చేజారింది. 2024లో ట్రంప్‌కు దాదాపు 7 కోట్ల 73 లక్షలు, హారిస్‌కు దాదాపు 7 కోట్ల 50 లక్షలు. ఓటుహక్కు ఉన్నవాళ్లలో మూడో వంతుకు పైగా అసలు ఓటే వెయ్యలేదు. ఇది నిట్టనిలువునా చీలిన దేశం. ఓడినవారు అక్కడ ఒంటరివాళ్లు కారు.

2024 ఎన్నికలో మన ఊళ్లు కూడా రెండు వైపులా నిలబడ్డాయి. పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ట్రంప్ గెలవాలని పూజలు చేశారు. ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉష చిలుకూరివారి ఆడపడుచు, ఆ కుటుంబం మూలాలు ఆ ఊళ్లో ఉన్నాయి. అదే రోజుల్లో తమిళనాడులోని తులసేంద్రపురం గుడిలో హారిస్ పేరిట అర్చనలు జరిగాయి. ఆవిడ తాతగారి ఊరు అది. ఒక ఊరు పండగ చేసుకుంది, ఒక ఊరు నిరాశపడింది. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో తెలుగు సంఘం భోజనాల బల్ల దగ్గర ఈ రెండు ఊళ్లూ పక్కపక్కనే కూర్చుంటాయి.

ఇక వెళ్లిపోవడం అనే మాట. దీని గురించి నాకు తెలిసినంతలో అందరికంటే లోతుగా ఆలోచించినవాడు ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త. 1970లో ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక సంస్థగానీ, పార్టీగానీ, దేశంగానీ చెడిపోతున్నదని తోచినప్పుడు మనిషి ముందు రెండు దారులుంటాయి. ఒకటి విడిచిపెట్టి వెళ్లడం. రెండోది ఉండి నోరెత్తడం. ఈ రెంటిలో ఏది ఎంచుకుంటాడన్నది ఆ చోటు మీద అతనికున్న మమకారాన్ని బట్టి ఉంటుందంటాడు. ఈ ఆలోచన ఆయనకు నైజీరియాలో రైళ్లను చూసి వచ్చింది. అక్కడ ఉత్తరాది నుంచి వేరుశెనగ ఓడరేవుకు చేరాలి. రైళ్లు బాగా నడవడం లేదు. లారీలు వచ్చాయి. పోటీ వచ్చింది కాబట్టి రైళ్లు బాగుపడాలి కదా? బాగుపడలేదు. ఎందుకంటే గట్టిగా అడిగి, తగువు పెట్టుకోగల వ్యాపారులే ముందుగా లారీలకు మారిపోయారు. మిగిలినవాళ్లకు అడిగే బలం లేదు. రైల్వేని నిలదీసేవాడు లేకుండా పోయాడు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన ఊళ్లలో సర్కారు బడికి జరిగింది ఇదే. హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి, లెక్కల మాస్టారు ఎందుకు రావడం లేదని అడగగలిగిన తండ్రులు తమ పిల్లల్ని కాన్వెంటు బస్సెక్కించారు. వాళ్ల పిల్లలు బాగుపడ్డారు, తప్పు పట్టలేం. కానీ ఆ బడిలో మిగిలిన కూలివాళ్ల పిల్లల తరఫున అడిగేవాడు పోయాడు. అదే బడికి శాపమైంది.

హిర్ష్‌మన్ సిద్ధాంతాన్ని ఇంతవరకే చెప్పి ఆపేస్తే అన్యాయమవుతుంది, ఎందుకంటే ఆయనే దేశం విడిచిన మనిషి. 1915లో బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. 1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. మార్చి చివర తండ్రి చనిపోయాడు. కొద్ది రోజులకే ఈయన పారిస్ వెళ్లిపోయాడు. అక్కడితో ఆగలేదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో తుపాకి పట్టాడు. ఫ్రెంచి సైన్యంలో చేరాడు. 1940లో ఫ్రాన్స్ కూలిపోయాక మార్సెయ్ రేవుపట్నంలో వేరియన్ ఫ్రై అనే అమెరికన్‌తో కలిసి, నాజీలు వెతుకుతున్న రచయితలనూ కళాకారులనూ సరిహద్దు దాటించే పని చేశాడు. చిత్రకారుడు మార్క్ షగాల్, తత్వవేత్త హనా ఆరెంట్ లాంటివాళ్లు ఫ్రై బృందం సాయంతోనే ప్రాణాలతో బయటపడ్డారు. వెళ్లడమంటే ఏమిటో ఆయన పుస్తకాల్లో చదువుకుని తెలుసుకోలేదు.

అందుకే వెళ్లినవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. అమెరికా నుంచి కెనడాకు దారి చాలా పాతది. స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ రాజు పక్షాన నిలిచి ఓడిపోయినవాళ్లు వేలమంది ఉత్తరానికి పోయారు. వాళ్ల కోసమే 1784లో న్యూ బ్రన్స్‌విక్ విడిగా ఏర్పడింది. 1850లో పారిపోయిన బానిసలను పట్టి యజమానికి అప్పగించాలన్న చట్టం వచ్చాక, నల్లవాళ్లు రాత్రిళ్లు నడిచి అదే సరిహద్దు దాటారు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలోకి రమ్మన్న తాఖీదు చేతిలో పట్టుకుని వేలమంది కుర్రాళ్లు వెళ్లారు. 1977లో జిమ్మీ కార్టర్ పదవిలోకి వచ్చిన మర్నాడే వాళ్లకు క్షమాభిక్ష ఇచ్చాడు. చాలామంది తిరిగి రాకుండా అక్కడే ఉండిపోయారు. బానిసనూ, తాఖీదు అందుకున్న కుర్రాణ్నీ ఎవరు తప్పు పడతారు? చట్టం వాళ్ల ఒంటి మీదికి వచ్చింది.

నేను పెట్టుకున్న కొలత అదే. ఎన్నికల ఫలితం నీ మనసును గాయపరిచిందా, లేక నీ ఒంటి మీదికి, నీ ఇంటి మీదికి, నీ బిడ్డ మీదికి వచ్చిందా? రెండోదైతే వెళ్లు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. మొదటిదైతే ఆగు.

ఈ కొలతకు సులువుగా లొంగనివాళ్లూ ఉన్నారు. 2025లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి జేసన్ స్టాన్లీ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు టొరంటోకు మారాడు. ఫాసిజం మీద పుస్తకాలు రాసినవాడు. అతని తండ్రి చిన్నపిల్లాడిగా 1939లో జర్మనీ నుంచి తప్పించుకొచ్చాడు. తాను మారడానికి దేశ రాజకీయ పరిస్థితే కారణమని స్టాన్లీ బాహాటంగా చెప్పాడు. ఆ ఇంటి చరిత్ర అది, భయం వారసత్వంగా వచ్చింది. అతణ్ని పిరికివాడనే అర్హత నాకు లేదు. కానీ అలాంటి గొంతులు ఒక్కొక్కటే దాటిపోతే అమెరికాలో తరగతి గదులకు నష్టం జరుగుతుందన్నది కూడా నిజం.

మన పిల్లల సంగతికొస్తే ఈ కొలత మరీ పదునుగా తగులుతుంది. మా అన్నయ్య కొడుకు డల్లాస్ దగ్గర హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. పన్నులు కడతాడు, ఓటు లేదు. ఉద్యోగం పోతే ఇంకో కంపెనీని వెతుక్కోవడానికి గట్టిగా అరవై రోజులు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి లక్షా నలభై వేలు, అందులో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి. మనవాళ్ల వరస దశాబ్దాల పొడవుంది. 2025 జనవరి 20న ట్రంప్ మళ్లీ పదవి చేపట్టిన రోజే, తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి అక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం ఉండదని ఉత్తర్వు ఇచ్చాడు. కోర్టులు అడ్డుకున్నాయి. కానీ నెలలు నిండిన ఇళ్లలో ఆ రోజుల్లో ఎంత కలవరం చెలరేగిందో మీరూ విని ఉంటారు. సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది. బతుకమ్మకూ దసరాకూ ఇంటికి బయల్దేరినవాళ్లు ఎక్కిన విమానం దిగిపోయారు. ఇంటికి చేరినవాళ్లు పెట్టె విప్పకుండానే తిరుగు టికెట్టు కొన్నారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదన్న వివరణ ఆ తరువాత వచ్చింది.

మా వదిన అప్పుడు కొడుకుతో "వచ్చేయ్ నాన్నా, ఉన్నదాంట్లో తిందాం" అంది. "వస్తే ఇంటి లోను ఎవరు కడతారమ్మా?" అన్నాడు వాడు. తరువాత నాకు ఫోన్ చేసి, "బాబాయ్, కెనడా వెళ్తే ఎలా ఉంటుందంటావ్?" అని అడిగాడు. వెళ్లమన్నాను. ఓటు లేనివాణ్ని ఉండి పోరాడమనడం న్యాయం కాదు. నోరెత్తే హక్కు ఇవ్వని చోట వెళ్లిపోవడం ఒక్కటే వాడి చేతిలో ఉన్న మాట.

కానీ ఆ తలుపు ఎంత తెరుచుకుని ఉందో తెలుసుకునే వెళ్లాలి. 2023 జులైలో కెనడా ప్రత్యేకించి అమెరికాలోని హెచ్-1బి ఉద్యోగుల కోసం పదివేల పర్మిట్లకు దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది. రెండు రోజులు తిరక్కుండానే నిండిపోయాయి. 2024 చివర్లో అదే కెనడా, ఇళ్ల కొరతతో, పెరిగిన అద్దెలతో అక్కడి జనం విసిగిపోతే, 2025కు శాశ్వత నివాసాల లక్ష్యాన్ని అయిదు లక్షల నుంచి 3 లక్షల 95 వేలకు తగ్గించింది. అక్కడి ఎంపిక మార్కుల పద్ధతి. ఇరవైల్లో ఉన్నవాడికి వయసు మార్కులు పూర్తిగా పడతాయి. నలభై అయిదు నిండితే సున్నా. వలస మీద కోపం ఒక్క అమెరికాలోనే ఉందనుకుని సరిహద్దు దాటేవాడికి అవతల కూడా అదే చర్చ ఎదురవుతుంది. అక్కడా ఎన్నికలున్నాయి, అక్కడా గెలుపోటములున్నాయి.

ఇక నా మేనకోడలికి చెప్పింది వేరు. "నీకు ఓటుంది. అదీ పెన్సిల్వేనియాలో. ప్రపంచంలో నీ ఓటుకున్నంత బరువు ఎంతమంది ఓటుకుంది?" అన్నాను. 2016లో ఆ రాష్ట్రం ఫలితం తేల్చింది 44 వేల ఓట్లు. పౌరురాలు కాబట్టి టొరంటో నుంచి కూడా తపాలా ఓటు వేయగలదు, నిజమే. కానీ శాశ్వతంగా వెళ్లిపోయినవారికి ఆ రాష్ట్రం అధ్యక్ష, కాంగ్రెస్ ఎన్నికల ఓటే ఇస్తుంది. స్కూల్ బోర్డు, టౌన్‌షిప్, రాష్ట్ర శాసనసభ, వీటిలో మాట పోతుంది. పిల్లాడి బడి లైబ్రరీలో ఏ పుస్తకం ఉండాలో నిర్ణయించేది వాషింగ్టన్ కాదు, ఆ స్కూల్ బోర్డు. ఎక్కడున్నా అమెరికాకు పన్ను లెక్కలు సమర్పించడం మాత్రం తప్పదు.

"భయమేస్తోంది మామయ్యా" అంది. కాదనలేకపోయాను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో, మన హైదరాబాదు ఇంజనీరును ఒక బారులో, నా దేశం విడిచి పొమ్మని అరుస్తూ కాల్చి చంపిన సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజు అడ్డుపడబోయి తూటా తిన్న తెల్లజాతి యువకుడు కూడా ఆ బారులోనే ఉన్నాడని ఆమెకు గుర్తు చేశాను. ఆ దేశం ఏదో ఒక్క ముఖంతో లేదు.

వాళ్లు వెళ్లలేదు. కొన్నాళ్లు ఆమె వార్తలు చూడడం మానేసింది. అది మంచిదే అన్నాను. వాకిలి ఊడ్చిన ఎదురింటాయనతో ఓటు మాట ఎత్తకుండానే మళ్లీ పలకరింపు మొదలుపెట్టింది. 2025 నవంబరు 4న వాళ్ల ఊళ్లో స్కూల్ బోర్డు ఎన్నికలకు ఇంటింటికీ తిరిగింది. అధ్యక్ష ఎన్నికకు వచ్చే జనం వాటికి రారు. అందుకే అక్కడ ఒక్కో తలుపు తట్టడానికీ అంత విలువ.

దేశం విడవాలా వద్దా అన్నది ఫలితం వచ్చిన వారంలో తేల్చుకోకూడదన్నది నా తీర్పు. ఆ వారం ఏడవండి, నిద్రపోండి, స్నేహితులతో కూర్చుని తినండి. ఆరు నెలలు పోనిచ్చి, చట్టం నిజంగా మీ గుమ్మం తొక్కిందా అని చూసుకోండి. తొక్కితే కాగితాలు సిద్ధం చేసుకోండి. తొక్కకపోతే, అది ఎవరి గుమ్మం తొక్కిందో వాడి పక్కన నిలబడే పని మీకు మిగిలి ఉంది. అది హెచ్-1బి కుర్రాడు కావచ్చు, కాగితాల్లేని మెక్సికో కూలి కావచ్చు. నోరు లేనివాడి తరఫున మాట్లాడగలిగేది నోరున్న పొరుగువాడే.

శ్రోతల్లో తల్లిదండ్రులకు ఒక విన్నపం. విదేశాల్లో ఉండి భారత పౌరులుగానే కొనసాగుతున్న మీ పిల్లలకు ఇక్కడ ఓటరుగా నమోదయ్యే హక్కు 2011 నుంచి ఉంది. అయితే పోలింగు రోజు స్వయంగా వచ్చి వెయ్యాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ పిల్లలకు ఇక్కడ ఓటు లేదు, అక్కడ ఉంది. అమెరికాలో 2026 నవంబరు 3న మధ్యంతర ఎన్నికలు. ప్రతినిధుల సభ మొత్తానికీ, సెనెట్‌లో సుమారు మూడో వంతుకూ ఓటింగు. కొన్ని రాష్ట్రాల్లో నమోదు గడువు నెల ముందే ముగిసిపోతుంది. మీవాళ్లు ఏ పార్టీ వాళ్లయినా సరే, ఈ ఆదివారం ఫోన్‌లో మనవడి చదువూ, మోకాళ్ల నొప్పులూ మాట్లాడుకున్నాక ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసుకోమని చెప్పండి.